తలదెబ్బ నుండి బ్రతికి వచ్చినవారు – వారిని సాకు కుటుంబములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)

  

గ్రంథాలయ రజతోత్సవ సభలలో సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయోద్యమ చరిత్రను గూర్చియో ప్రసంగించుట వాడుక. నేటి ప్రసంగమునకు వేరొక విషయము గైకొనబడినది. తలకు పెద్దదెబ్బ తగిలి, ఆసుపత్రిలో ప్రాణము దక్కించుకొని, ఇల్లు చేరినవారి బ్రతుకెట్టిది? వారిని రేయింబవళ్లు కనిపెట్టుకొని యుండు తల్లి బ్రతుకు, భార్య బ్రతుకు, తోబుట్టువుల బ్రతుకు ఎట్టివి? వారికి ఊరు చేయగల సాయమేమి? ఈ మూడు ప్రశ్నలే నేటి విషయము. ఇది చదివినవారును చదువనివారును కూడ తెలిసికొనదగిన సంగతి. తెలిసికొనుట వలననే సగము బాధ తగ్గు సంగతి. కనుక గ్రంథాలయ వేదిక దీనికి తగినచోటు.

పల్నాడు వీరుల గడ్డ. కార్తికమాసము చివర కారంపూడిలో నేటికిని పల్నాటి వీరుల ఉత్సవములు జరుగుచున్నవి. వీరుల కథలలో దెబ్బ తిన్నవాడు నేలకొరగును, లేదా గెలిచి నిలుచును. గాయపడి, చావక, మునుపటివలె బ్రతుకనులేక, ఇరువది ముప్పది యేండ్లు ఇంటి వసారాలో కూర్చుండువాని కథ పాడువారు అరుదు. వానికి అన్నము కలిపి నోటికందించు ఇల్లాలి కథ అంతకంటె అరుదు. కాని నేటి పల్లెలలో నడచుచున్న కథలు ఇట్టివే.

2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట కేంద్రముగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో తలదెబ్బలకు కారణములు వెదుకబోవ నక్కరలేదు. మిరప కోతలకును, ప్రత్తితీతలకును కూలిజనము ట్రాక్టరు తొట్లలోను, క్రిక్కిరిసిన ఆటోలలోను పోవుచున్నారు. పిడుగురాళ్ల ప్రాంతమున సున్నపురాతి గనులు, బట్టీలు, వానికి రాకపోకలు సాగించు లారీలు కలవు. మోటారు సైకిలు లేని యిల్లు తక్కువ. దానిపై హెల్మెటు పెట్టుకొని పోవువాడును తక్కువయే. బెంగుళూరు నింహాన్స్ సంస్థ ఆచార్యులు గురురాజ్ 2002లో ప్రకటించిన వ్యాసమును బట్టి, భారతదేశమున మెదడుకు తగులు దెబ్బలలో నూటికి 60 రోడ్డు ప్రమాదముల వలనను, 20 నుండి 25 వరకు ఎత్తునుండి పడుట వంటి పాటుల వలనను, 10 కొట్లాటల వలనను కలుగుచున్నవి. దెబ్బ తిన్నవారిలో నూటికి 15 నుండి 20 మంది ఆ సమయమున మద్యము సేవించియున్నవారే.

హెల్మెటు సంగతి ఒక్కమాటలో చెప్పి ముందుకు పోవచ్చును. అనేక దేశముల పరిశోధనలను కూర్చి 2008లో ప్రకటించిన సమీక్షలో, మోటారు సైకిలు నడుపువారికి హెల్మెటు తలగాయములను నూటికి 69 వంతులు, మరణములను నూటికి 42 వంతులు తగ్గించునని తేలినది. పది ఎకరముల మిరపకు మందు కొట్టించు రైతునకు దీని ఖరీదు ఒక లెక్కలోనిది కాదు.

దెబ్బ తగిలిన తొలిగంటలు మిక్కిలి విలువైనవి. మాచర్ల నుండి గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రికి నూరు కిలోమీటర్లకు మించిన దారి. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశమున ప్రారంభమైన 108 అంబులెన్సు ఈ దారిని కొంత కుదించినది. అయినను ఊరివారికి తెలియవలసిన సంగతి ఒకటి కలదు. కొందరు దెబ్బ తగిలిన వెంటనే లేచి కూర్చుందురు, పలుకుదురు, కాఫీ త్రాగుదురు. ‘ఏమియు కాలేదు’ అని ఇంటిలో పడుకొనబెట్టుదురు. పుర్రెకును మెదడుపొరకును నడుమ నెత్తురు చేరుచుండినచో, కొన్ని గంటలలో వారు మత్తులోనికి జారిపోవుదురు. కావున మరల మరల వాంతులు, విపరీతమైన తలనొప్పి, మాట తడబాటు, ఒక కంటిపాప పెద్దదగుట, చెవి లేక ముక్కునుండి నీటివంటి ద్రవము కారుట, లేపినను లేవని నిద్ర – వీనిలో ఏ ఒక్కటి కనిపించినను ఆలస్యము కూడదు. వృద్ధులలో చిన్నదెబ్బకైనను వారముల తరువాత ఈ లక్షణములు బయటపడవచ్చును. 2025 మే నెలలో అమలులోనికి వచ్చిన కేంద్రప్రభుత్వ పథకము ప్రకారము, రోడ్డు ప్రమాదమున గాయపడినవానికి మొదటి 7 దినములలో లక్షన్నర రూపాయల వరకు నగదు చెల్లింపు లేని చికిత్స లభించును. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినవానిపై ఆ కారణముగా కేసు రాకుండ 2019 మోటారు వాహనముల చట్ట సవరణ రక్షణ కల్పించినది. దారిని పోవు మనిషి భయపడి తప్పుకొన నక్కరలేదు.

ఇంతవరకు చెప్పినది ప్రాణము నిలుపుట. ఆ తరువాతి కథకు మాత్రము అంబులెన్సు లేదు.

ఆసుపత్రివారు ‘గండము గడచినది, ఇంటికి తీసికొని పొండు’ అందురు. ఇంటిల్లిపాదియు దేవునికి దండము పెట్టుకొందురు. చుట్టపక్కములు వచ్చి చూచి పోవుదురు. కుట్లు మానును, జుట్టు పెరుగును. చూచువారికి మనిషి బాగుపడినట్లే యుండును. కాని ఇంటివారు కొలది దినములలోనే ఏదో మార్పు గమనింతురు. పొద్దున చెప్పినది మధ్యాహ్నమునకు జ్ఞాపకముండదు. మునుపు శాంతుడైనవాడు చిన్నమాటకు కంచము విసరివేయును. సూర్యోదయమునకే పొలమునకు పోవువాడు పది గంటలకును మంచము దిగడు. పదిమంది ఒక్కసారి మాటలాడిన చెవులు మూసికొనును. నలుగురిలో అనరాని మాట అనును. అప్పులిచ్చివేయును, సంతకములు పెట్టివేయును. కొందరికి వాసన తెలియదు. వంటగదిలో గ్యాసు కారినను పసికట్టలేరు. కొందరికి నెలల తరువాత మూర్ఛలు వచ్చును. అన్నింటికంటె కష్టమైనది, తనలో మార్పు వచ్చినదని అతనికే తెలియకపోవుట.

ఊరు దీనికి పేర్లు పెట్టును. సోమరితనమనును, పొగరనును, పిచ్చియనును, గాలి సోకినదనును, పూర్వజన్మ పాపమనును. ఇవి ఏవియు కావు. నుదుటి వెనుకనుండు మెదడు భాగము కోపమును అదుపుచేయును, పనికి పూనుకొనజేయును, ముందువెనుకలు ఆలోచింపజేయును. దానికి దెబ్బ తగిలినప్పుడు, కాలు విరిగినవాడు కుంటినట్లే, ఈ మనిషి స్వభావము కుంటును. కాలి కుంటు కంటికి కనిపించును గనుక జాలి కలుగును. స్వభావపు కుంటు కనిపించదు గనుక నింద కలుగును. ఉన్న భేద మింతే.

ఈ సత్యము లోకమునకు తెలిసిన కథ రాళ్లు కొట్టు పనివానిదే. గనులున్న పల్నాటివారికి ఇది సులభముగా బోధపడును. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున రైలుమార్గమునకై కొండరాతిని మందుగుండుతో పగులగొట్టుచుండిరి. ఆ ముఠామేస్త్రీ ఫినియాస్ గేజ్ అను 25 ఏండ్ల యువకుడు. అతడు రంధ్రములో మందు కూరుచుండగా మందు పేలి, 6 కిలోల బరువుగల ఇనుపగునపము ఎడమ చెంపక్రిందుగా దూసికొని నడినెత్తిపై వెడలిపోయెను. అతడు చావలేదు. ఎద్దుబండిలో కూర్చుండియే బసకు చేరెను. జాన్ హార్లో అను వైద్యుడు అతనికి చికిత్స చేసెను. ప్రాణము దక్కినది, ఒక కన్ను పోయినది. కాని మునుపు నెమ్మదస్తుడు, పనిమంతుడు అని పేరుపొందినవాడు ముక్కోపియై, మాట నిలుకడ లేనివాడై, ఆ మేస్త్రీ పనికి పనికిరానివాడయ్యెను. హార్లో ఈ సంగతులన్నియు 1868లో ప్రకటించెను. మెదడులో ఆ భాగమునకును మనిషి నడవడికిని సంబంధము కలదను విషయమునకు ఇది తొలి నిదర్శనములలో ఒకటి.

ఈ కథను ఇంతటితో ఆపుట వాడుక. కాని సాకువారికి పనికివచ్చు భాగము తరువాతిది. గేజ్ కొంతకాలమునకు దక్షిణ అమెరికాలోని చిలీ దేశమునకు పోయి ఏండ్ల తరబడి గుర్రపుబండ్లు నడిపెను. ప్రతిదినము ఒకే వేళకు లేచుట, గుర్రములను కట్టుట, ఒకే దారిని పోవుట – ఈ క్రమమే అతనిని మరల కొంతవరకు మనిషిని చేసినదని నేటి పరిశోధకులు కొందరు భావించుచున్నారు. ఆరోగ్యము చెడినప్పుడు అతడు శాన్‌ఫ్రాన్సిస్కోలోని తల్లి వద్దకు చేరెను. మూర్ఛలు వచ్చి 1860లో కన్నుమూసెను. వైద్యగ్రంథములు గేజ్ పేరును, హార్లో పేరును నిలిపినవి. కడవరకు చూచిన తల్లి పేరును తలచువారు అరుదు. పల్నాడైనను అమెరికాయైనను ఇది ఒక్కతీరే.

ఇక కోలుకొనుట మాట. దెబ్బ తగిలిన మొదటి ఆరు నెలలలో మార్పు వేగముగా నుండును. తరువాత మందగించును. మందగించుట నిలిచిపోవుట కాదు. ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా మేలు కనిపించువారు కలరు. కనుక ‘ఇంతే, ఇక లేదు’ అని చెప్పుటయు తప్పు, ‘పూర్తిగా మునుపటివాడగును’ అని ఆశపెట్టి వేలకువేలు దండుకొనువారి మాట నమ్ముటయు తప్పు. ఆ నడుమ దారియే నిజమైన దారి.

ఆ దారిలో ఇంటివారు చేయదగిన పనులు పెద్ద చదువు కోరునవి కావు. మంచము పట్టినవానిని రెండు గంటల కొకమారు ప్రక్కకు త్రిప్పవలెను. లేనిచో వీపునను పిరుదులపైనను పుండ్లు పడును. పడుకొనబెట్టి అన్నము పెట్టరాదు. నిటారుగా కూర్చుండబెట్టి, చిన్నముద్దలు పెట్టి, మ్రింగినాడని చూచిన తరువాతనే మరియొక ముద్ద పెట్టవలెను. పొరపోయిన మెతుకు ఊపిరితిత్తులలోనికి చేరినచో ప్రాణాపాయము. మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుట, నోటిలో చెంచా దూర్చుట పల్లెలలో వాడుక. ఇనుమునకు మూర్ఛను ఆపు శక్తి లేదు, చెంచా వలన పండ్లు విరుగును. ప్రక్కకు ఒత్తిగిల్లజేసి, తలక్రింద మెత్తనిగుడ్డ పెట్టి, గడియారము చూడవలెను. ఐదు నిమిషములు మించినచో ఆసుపత్రికి తరలింపవలెను. మూర్ఛ మందులు తగ్గినవని తలచి వైద్యుని అడుగకుండ మానరాదు. మద్యము చుక్కయైనను కూడదు.

మరపునకు మందు జేబులో పుస్తకము. ఏ వేళకు ఏమి చేయవలెనో వ్రాసి పెట్టవలెను. చేసినదానికి గీత పెట్టించవలెను. చదువురానివారికి బొమ్మలు గీయవచ్చును. వస్తువు పెట్టు చోటు మార్చరాదు. ఒకమారు ఒకే పని చెప్పవలెను. అలసట ఈ జబ్బులో నిజమైన లక్షణము. అది నెపము కాదు. గంట పనిచేసిన తరువాత అరగంట చీకటిగదిలో విశ్రాంతి యిచ్చినచో సాయంకాలపు కోపము సగము తగ్గును. కోపము వచ్చినప్పుడు వాదింపరాదు. ధ్వని తగ్గించి, జనమును పంపివేసి, మాట మరలింపవలెను. మాట పడిపోయినవారు కొందరు తెలిసిన పాటను పదములతో సహా పాడగలరు. మాటకు మెదడు ఎడమభాగము ముఖ్యాధారము, పాటకు కుడిభాగమును తోడ్పడును. కనుక అట్టివారియెదుట భజనపాటయో, చిన్ననాటి పాటయో ఎత్తుకొనుట వేడుక కాదు, చికిత్సలో భాగము.

ఇప్పుడు సాకువారి సంగతి. ఈ పనులన్నియు చేయునది ఎవరు? చాలయిండ్లలో ఒక్క స్త్రీ. ఆమె కూలికి పోవుట మానివేయును, కాబట్టి ఆదాయము సగమగును. రాత్రి రెండు గంటల కొకమారు లేచును, కాబట్టి నిద్ర యుండదు. భర్త ఏమి అనునో యను భయముతో పెండ్లికిని పేరంటమునకును పోవుట మానును, కాబట్టి మాటలాడు తోడు ఉండదు. నడుమునొప్పి, దిగులు ఆమెకు మిగులును. ఎవరైనను వచ్చినచో ‘అతనికి ఎట్లున్నది?’ అని అడుగుదురు. ‘అమ్మా, నీకు ఎట్లున్నది?’ అని అడుగువారు లేరు.

మరియొక దుఃఖము కలదు. మరణము సంభవించిన యింటికి ఊరంతయు వచ్చును. చిన్నదినము, పెద్దదినము జరుగును. బంధువులు కూర్చుండి ఏడ్తురు, ఏడ్పించుదురు, ఓదార్తురు. ఆ దుఃఖమునకు ఒక క్రమము, ఒక కడ కలవు. కాని భర్త కన్నులయెదుటనే యుండి, తాను పెండ్లియాడిన మనిషి మాత్రము కానరాకపోయినప్పుడు ఆ భార్య దేనికి ఏడ్వవలెను? ఈ దుఃఖమునకు దినము లేదు, ఓదార్పు లేదు. ఏడ్చినచో ‘మనిషి దక్కినాడు గదా, ఇంకను ఏడ్పెందుకు?’ అని గద్దింతురు. అమెరికా ఆచార్యురాలు పాలిన్ బాస్ ఇట్టిదానిని కడతేరని వియోగమను అర్థము వచ్చు పేరుతో పిలిచి దశాబ్దములపాటు పరిశోధించినది. పేరు పెట్టుటవలన దుఃఖము పోదు. కాని అది తనయొక్క తప్పు కాదని ఆ స్త్రీకి తెలియును. దిగులు భరింపరానిదైనప్పుడు 14416 సంఖ్యకు ఉచితముగా టెలిఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. 2022 అక్టోబరు 10న ప్రారంభింపబడిన ఈ ‘టెలీ మానస్’ సేవ రోగులకేకాదు, సాకువారికిని కలదు.

సాకుట ప్రేమయే. కాని అది పనియును. ఈ మాటను ప్రభుత్వ శాసనమును, దేశపు అత్యున్నత న్యాయస్థానమును అంగీకరించినవని చాలమందికి తెలియదు.

2016 వికలాంగుల హక్కుల చట్టము సంరక్షకు డనగా ఎవరో నిర్వచించినది. జీతము తీసికొనియైనను, తీసికొనకయైనను వికలాంగునకు సేవచేయు తల్లిదండ్రులు, కుటుంబసభ్యులు, ఇతరులు అందరును ఆ మాటలో చేరుదురు. అధికమైన తోడ్పాటు అవసరమైనవారి విషయమున సంరక్షక భత్యమునకు పథకములు చేయవలెనని అదే చట్టము ప్రభుత్వములకు చెప్పినది. చట్టములోని 21 వైకల్యములలో మెదడుదెబ్బ అను పేరు విడిగా లేదు. అందుచేత కొన్ని కుటుంబములు తమకు ఏ హక్కును లేదనుకొని యూరకుందురు. అది పొరపాటు. దెబ్బవలన కలిగిన చలనలోపము, మాటలోపము, మానసిక వ్యాధి, లేక ఇవి రెండుమూడు కలిసిన బహుళవైకల్యము – ఈ పేర్లక్రింద సదరం శిబిరములో వైద్యపరీక్ష కోరవచ్చును. 40 శాతమునకు తగ్గని వైకల్యమున్నట్లు ధ్రువపత్రము లభించినచో మిగిలిన తలుపులు తెరువబడును. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2024 జూలై నుండి వికలాంగుల పింఛనును నెలకు 6,000 రూపాయలుగను, పూర్తిగా మంచమునకో చక్రములకుర్చీకో పరిమితమైన పక్షవాత రోగులకును ప్రమాదబాధితులకును 15,000 రూపాయలుగను పెంచినది.

న్యాయస్థానపు తీర్పు మరియు ముఖ్యమైనది. ఉత్తరదేశమున 2007 అక్టోబరు 18న ఒక 12 ఏండ్ల బాలిక తల్లిదండ్రులతో ట్రాక్టరుపై పోవుచుండగా లారీ ఢీకొన్నది. మెదడుకు దెబ్బ తగిలి, ఆ బాలిక తెలివి తొమ్మిదినెలల శిశువు స్థాయికి చేరినది. మలమూత్రములపై అదుపు లేదు. ఆమె జీవితాంతము ఒకరి చేతులమీదనే బ్రతుకవలెను. హైకోర్టు పరిహారమును సుమారు 26 లక్షల రూపాయలుగా నిర్ణయించినది. 2020 ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు లావు నాగేశ్వరరావు, దీపక్ గుప్తా గార్లు దానిని 62 లక్షల 27 వేలకు పెంచిరి. ఆ పెంపులో గమనింపదగిన పద్దు పరిచర్య ఖర్చు. ఇట్టి బిడ్డను ఇరువదినాలుగు గంటలును చూచుటకు ఒక్కరు చాలరు, ఇద్దరు కావలెనని వారు ఎంచిరి. ఒక్కొక్కరికి నెలకు 5,000 చొప్పున, ఏడాదికి 1,20,000గా, 18తో హెచ్చించి 21 లక్షల 60 వేలు ఆ ఒక్క పద్దుకే యిచ్చిరి.

ఈ లెక్కను నిదానముగా తలపోయవలెను. ఇద్దరు మనుషులు వంతులవారీగా చేయవలసిన పని యని న్యాయస్థానము తేల్చినదానిని, పల్లెలో ఒక్క తల్లి, ఒక్క ఇల్లాలు, వంటయు పశువులపనియు చూచుకొనుచు, కూలి లేకుండ, సెలవు లేకుండ చేయుచున్నది. ఆమె అలసిపోయినదన్నచో అది ప్రేమ తక్కువై కాదు, రెండవ మనిషి లేకయే. ఆ రెండవ మనిషి స్థానము ఊరిది.

రోడ్డు ప్రమాదమైనచో పరిహారపు దావాను మోటారు ప్రమాద పరిహార న్యాయస్థానములో వేయవలెను. 2019 సవరణ దీనికి ఆరునెలల గడువు పెట్టినది. 2022 ఏప్రిల్ 1 నుండి అది అమలులోనికి వచ్చినది. ఆ గడువుపై న్యాయస్థానములలో వాదములు నడచినను, ఆలస్యము చేయకుండుటయే వివేకము. పోలీసు ప్రథమ సమాచార పత్రము, ఆసుపత్రి విడుదల పత్రము, సి.టి. స్కాను ఫిలుములు, మందుల రసీదులు, అంబులెన్సు ఖర్చు – ఇవన్నియు మొదటి దినము నుండియే ఒక సంచిలో పెట్టవలెను. చదువురాని కుటుంబములు ఎక్కువగా నష్టపోవునది ఇచ్చటనే.

ఇట్టి కుటుంబములు ఇతరచోట్ల ఏమి చేసినవి? ఇంగ్లండులో 1979లో బాధితుల కుటుంబములు చేరి ‘హెడ్‌వే’ అను సంఘమును స్థాపించుకొన్నవి. అమెరికాలో మెరిలిన్ స్పైవాక్ అను తల్లి, కారు ప్రమాదమున కుమార్తె తలకు దెబ్బ తగిలిన తరువాత ఆసుపత్రికి వెలుపల ఏ సాయమును కానక, 1980లో తన యింటనే జాతీయ శిరోగాయ సంస్థను ఆరంభించెను. భారతదేశమున జోధ్‌పూర్ పూర్వరాజు గజసింగ్ గారి కుమారుడు శివరాజసింగ్ 2005లో జైపూరులో పోలో ఆడుచు గుర్రముపై నుండి పడి, తలకు తీవ్రమైన దెబ్బతో చాలకాలము స్మృతి లేకుండ ఉండిరి. ఆ అనుభవముతో తండ్రి 2007లో భారతీయ శిరోగాయ సంస్థను స్థాపించిరి. ధనమునకును వైద్యులకును కొరతలేని రాజభవనముననే ఇతరుల తోడు అవసరమని తోచినది. ఇక రెండెకరముల రైతుకు తోచుటలో వింత యేమి?

తెలుగువారు చిరకాలముగా చికిత్సకై పోవుచున్న వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో 1949లో డాక్టరు జేకబ్ చాందీ భారతదేశపు మొట్టమొదటి మెదడు శస్త్రచికిత్స విభాగమును నెలకొల్పిరి. అచ్చటనే డాక్టరు మేరీ వర్గీసు 1954లో కారు ప్రమాదమున వెన్నుదెబ్బ తిని, నడుము క్రిందుగా చలనము కోల్పోయి, చక్రములకుర్చీలో కూర్చుండి శస్త్రచికిత్సలు చేసిరి. ఆమె పూనికచే 1966లో అచ్చట పునరావాస వైద్యసంస్థ వెలసినది. ప్రాణము నిలుపుట ఒక విద్య, నిలిచిన ప్రాణమును బ్రతుకుగా మార్చుట మరియొక విద్య యని ఆమె జీవితమే చాటినది. రెండవ విద్యలో వైద్యుడు ఒక్కడే గురువు కాడు. ఇంటివారును ఇరుగుపొరుగువారును అందులో పాలుపంచుకొనవలసినవారే.

గ్రంథాలయము చేయగల దేమి? ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమము ఈ ప్రశ్నకు ఏనాడో సమాధానము చెప్పినది. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు జిల్లా కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపించిరి. పాఠకుడు పుస్తకము కడకు రాలేనిచో పుస్తకమే పాఠకుని కడకు పోవలెననుట ఆ పడవ చెప్పిన పాఠము. తలదెబ్బ తిన్నవాడు గ్రంథాలయమునకు రాలేడు. అతనిని సాకు స్త్రీ అసలే రాలేదు. కనుక గ్రంథాలయమే వారి గడపకు పోవలెను.

అందుకు పెద్ద నిధి అక్కరలేదు. వారమున కొక గంట ఒక చందాదారుడు ఆ యింటికి పోయి, వార్తాపత్రిక చదివి వినిపించి, ఆ దినము తేదీ వారము చెప్పించి, జ్ఞాపకపుస్తకము తిరుగవేయించవచ్చును. ఆ గంటసేపు ఆ యిల్లాలు నిద్రపోవచ్చును, స్నానము చేయవచ్చును, సంతకు పోవచ్చును. ఆరుగురు చందాదారులు వంతులు వేసికొన్నచో వారములో ఆరుగంటలు ఆమెవి యగును. సదరం దరఖాస్తు, పింఛను దరఖాస్తు, పరిహారపు దావా కాగితములు నింపిపెట్టుటకు నెలలో ఒక సాయంకాలము కేటాయింపవచ్చును. చుట్టుప్రక్కల నాలుగూళ్లలో ఇట్టి కుటుంబములను నెలకొకమారు పఠనమందిరమున కూర్చుండబెట్టవచ్చును. అచ్చట ఉపన్యాసములు వలదు. ‘మాయింటనుగూడ ఇంతే’ అని ఒకరు మరియొకరికి చెప్పుకొన్న చాలును. కోలుకొనుచున్నవానికి దినమున కొక గంట పత్రికలు సర్దు పనియో, పుస్తకములకు అట్టవేయు పనియో, ఒకే వేళకు, ఒకే బల్లకడ ఇచ్చిచూడవచ్చును. చిలీలో గుర్రపుబండి గేజ్‌కు చేసిన మేలు, పల్లెలో పత్రికలకట్ట ఒకనికి చేయవచ్చును. పని చెడినచో నవ్వకుండుట ఊరివంతు.

మాట మార్చుటకైతే ఒక్క పైసయు వ్యయము కాదు. ‘పిచ్చివాడు’, ‘మతిచెడినవాడు’ అను పిలుపులు మానవలెను. పిల్లలు అతనిని రెచ్చగొట్టి కేకలు వేయించి ఆనందించుటను పెద్దలు ఆపవలెను. ఉత్సవమునకో పెండ్లికో పిలుచునప్పుడు ఆ యింటిని మరువరాదు. లౌడుస్పీకరునకు దూరముగా ఒక కుర్చీ వేసి, అలసినప్పుడు పండుకొనుటకు ఒక గది చూపించినచో అతడును వచ్చును, అతని భార్యయు వచ్చును. అన్నింటికి ముందు ఆ గడపలో అడుగిడువారు ‘అతనికి ఎట్లున్నది?’ అనునదానితోపాటు ‘అమ్మా, నీకు ఎట్లున్నది? ఈ పూట నేను కూర్చుందునా?’ అని అడుగుట నేర్వవలెను.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఊరివారికి పుస్తకములు ఎరువిచ్చుచు వచ్చినది. ఇచ్చినది తిరిగి తెచ్చుట, తెచ్చినది మరియొకరికి ఇచ్చుట – ఈ అలవాటును అది ఊరికి నేర్పినది. ఇకముందు చందాదారులు తమ కాలములో ఒక గంటను అట్లే ఎరువిత్తురుగాక. ఆ గంట ఏ రిజిస్టరులోను జమ కాదు. కాని ఒక యింట ఒక స్త్రీ ఆ గంటసేపు కన్నుమూసి నిదురించును.

స్వస్తి.